జేబులోకి వచ్చిన తపాలా పెట్టె: ఆఫీసు మెయిలుకు ఫోను ఎంచుకున్న రోజుల కథ



ఆఫీసు మెయిలు చూసుకోవడానికి ఏ ఫోను కొనాలి అని ఇవాళ ఎవరూ అడగరు. వీధి చివరి దుకాణంలో ఏ ఫోను కొన్నా మెయిలు వస్తుంది. కానీ 1999 నుంచి సుమారు 2012 వరకు ఇది చిన్న ప్రశ్న కాదు. పెద్ద కంపెనీల్లో దీనికోసం మీటింగులు జరిగేవి. ఎవరికి ఇవ్వాలి, ఏ కంపెనీది ఇవ్వాలి, నెలనెలా ఖర్చు ఏ పద్దులో రాయాలి, ఉద్యోగి మానేస్తే అందులోని ఉత్తరాలు ఏమవుతాయి అని గంటల తరబడి తర్జనభర్జనలు పడేవారు. బెంగళూరు, చెన్నై, పుణె ఆఫీసుల్లో ఆ రోజుల్లో పనిచేసిన మనవాళ్ళకు ఇదంతా గుర్తుండే ఉంటుంది.

ఆ చరిత్ర ఇప్పుడెందుకంటే, మన సంఘాలు ఈ రోజు సరిగ్గా అదే ప్రశ్న ముందు నిలబడి ఉన్నాయి. ఆ పదమూడేళ్ళ కథ మొత్తం చదివితే ఒక్క మాట తేలుతుంది. చేతిలోని ఫోను రెండేళ్ళకో మూడేళ్ళకో పోతుంది. దాని వెనక ఉత్తరాలు నిలవ ఉండే పెట్టె ఎవరిది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నదే చివరికి మిగిలే ప్రశ్న.

కాస్త వెనక్కి వెళ్దాం. బరంపురంలో, సోలాపురంలో, బళ్ళారిలో, మదురైలో, యానాంలో స్థిరపడిన మన పెద్దవాళ్ళు బంధువులకు పోస్టుకార్డులు రాసేవారు. పైన చిరునామా ఆ ఊరి పోస్టుమేనుకు అర్థమయ్యే లిపిలో ఉంటే చాలు, లోపల తెలుగు రాసుకుంటే తపాలా శాఖ అడ్డు చెప్పలేదు. కార్డు నాలుగు రోజులు ఆలస్యమైనా మన అక్షరాల్లోనే చేరేది. అదే తొందర పని పడితే టెలిగ్రాం ఇవ్వాలి. అక్కడ తెలుగు లిపి లేదు. ఇంట్లో ఒక్క ముక్క ఇంగ్లీషు రాకపోయినా, పెళ్ళి కబురైనా చావు కబురైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే పోవాలి. వచ్చిన కాగితాన్ని చదివించుకోవడానికి పక్కింటి మేష్టారి దగ్గరికి పరిగెత్తాలి. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ముగిసింది. కానీ వేగం కావాలంటే లిపిని వదులుకోవాలన్న ఆ షరతు, అంతకు చాలా ముందే ఇంకో రూపంలో మన జేబుల్లోకి వచ్చేసింది.

జేబులో పట్టే ఆఫీసు పరికరాల కథ 1996లో ఊపందుకుంది. ఆ ఏడాది నోకియా 9000 కమ్యూనికేటరు వచ్చింది. పైకి మొద్దు ఫోనులా ఉంటుంది, పుస్తకంలా తెరిస్తే లోపల కీబోర్డూ తెరా ఉంటాయి. అదే ఏడాది అమెరికాలో పామ్ పైలట్ వచ్చింది. అది ఫోను కాదు. చిరునామాలు, తేదీలు రాసుకునే చిన్న పలక. దాని మీద రాయడానికి గ్రాఫిటీ అనే ఒక ప్రత్యేకమైన చేతిరాత నేర్చుకోవాలి. మెయిలు కావాలంటే కంప్యూటరు పక్కన ఉన్న ఊయలలో పెట్టి, బొత్తాం నొక్కి దించుకోవాలి.

అసలు మలుపు కెనడాలో వాటర్లూ అనే ఊరి నుంచి వచ్చింది. మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ 1984లో రీసెర్చ్ ఇన్ మోషన్ అనే కంపెనీ పెట్టారు. 1992లో జిమ్ బాల్సిలీ చేరాడు. 1999లో వాళ్ళు బ్లాక్‌బెర్రీ పేరుతో మెయిలు సేవ మొదలుపెట్టారు. మొదటి పరికరం చూడటానికి పేజరులా ఉండేది. నాలుగైదు వాక్యాలు పట్టే తెర, రెండు బొటనవేళ్ళతో కొట్టుకునే బుల్లి కీబోర్డు, లోపల ఒక పెన్సిల్ సెల్. ఆ ఒక్క సెల్ వారాల తరబడి వచ్చేది. దాంతో మాట్లాడటం కుదరదు. 2002లో వచ్చిన 5810 నమూనాతో గానీ బ్లాక్‌బెర్రీ ఫోను కాలేదు, దానికి కూడా మాట్లాడాలంటే చెవికి వైరు తగిలించుకోవాల్సిందే.

మరి అంత చిన్న వస్తువు వెనక ఆఫీసులన్నీ ఎందుకు పడ్డాయి? అప్పటిదాకా మెయిలు అంటే మనం వెళ్ళి అడగాలి. పోస్టాఫీసుకు వెళ్ళి 'మాకేమైనా ఉత్తరాలు వచ్చాయా' అని కిటికీ దగ్గర నిలబడినట్టు, కంప్యూటరు సర్వరును మళ్ళీ మళ్ళీ అడిగేది. బ్లాక్‌బెర్రీ ఆ పద్ధతి తిరగేసింది. ఉత్తరం వచ్చిన క్షణానే పోస్టుమేను మన జేబు తట్టినట్టు మెయిలు దానంతట అది వచ్చేది. ఇందుకోసం ఆఫీసులో ఒక ప్రత్యేకమైన సర్వరు పెట్టాలి. ఆఫీసు మెయిలు అందులోకి వచ్చి, అక్కడ కుదించుకుని, గుప్తలిపిలోకి మారి, రీసెర్చ్ ఇన్ మోషన్ వారి సొంత కేంద్రం మీదుగా, మొబైల్ కంపెనీ టవరు దాటి చేతిలోకి చేరేది. గుప్తలిపిని విప్పే తాళంచెవి రెండే చోట్ల ఉండేది. ఒకటి ఆఫీసు సర్వరులో, రెండోది ఉద్యోగి చేతిలోని పరికరంలో. మధ్యలో మోసేవాళ్ళకు కవరు కనిపిస్తుంది, లోపలి ఉత్తరం కనిపించదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు మీద దాడి జరిగినప్పుడు మొబైల్ ఫోన్లు రద్దీతో మూగబోయాయి. బ్లాక్‌బెర్రీ మెయిళ్ళు మాత్రం వెళ్ళాయి. ఆ తరవాతే అమెరికా ప్రతినిధుల సభ సభ్యులందరికీ అవి ఇచ్చారు. 2009లో ఒబామా అధ్యక్షుడయ్యాక తన బ్లాక్‌బెర్రీని వదలనని పట్టుబట్టిన సంగతి పత్రికల్లో చదివాం. చూసి చూసి చేతి నుంచి దించలేని వ్యసనంగా మారిందని, మత్తుమందు పేరు కలిపి దానికి ఇంగ్లీషులో ఒక ముద్దుపేరే పెట్టారు. 2006లో ఒక అమెరికన్ నిఘంటువు ఆ మాటను ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది.

మన దేశానికి బ్లాక్‌బెర్రీ 2004లో ఎయిర్‌టెల్ ద్వారా వచ్చింది. అప్పటికి బెంగళూరు ఆఫీసుల్లో సగం పని అమెరికా వేళలకు నడిచేది. వాళ్ళకు పగలైతే మనకు రాత్రి. అందుకే ఈ పరికరం ఇక్కడి మేనేజర్లకు హోదా కూడా అయింది, ఉరితాడు కూడా అయింది. పరికరం ధర ఒక ఖర్చు, సర్వరు ఒక ఖర్చు, ప్రతి మనిషికీ లైసెన్సు ఒక ఖర్చు, మొబైల్ కంపెనీకి నెలనెలా కట్టేది ఇంకో ఖర్చు. అందువల్ల అది మొదట పై అధికారులకే దక్కింది. నడుముకు కట్టుకున్న నల్లటి తోలు సంచీ చూస్తే మనిషి స్థాయి తెలిసిపోయేది. ఆ సంచీ ఉన్నవాడు రాత్రి భోజనాల దగ్గర కూడా కిందికే చూస్తుంటాడని ఇళ్ళల్లో ఆడవాళ్ళు విసుక్కునేవారు. 2010లో వొడాఫోన్ ఒక ప్రకటన తీసింది. సూట్లు వేసుకున్న ఆఫీసరు బాబులు తమది ప్రత్యేకమైన కులం అన్నట్టు పాడుకుంటుంటే, మధ్యలోకి రంగురంగుల బట్టల కుర్రకారు వచ్చి చేరిపోతారు. ఆ హోదా కరిగిపోతున్న కాలాన్ని ఆ ప్రకటన సరిగ్గా పట్టుకుంది.

బ్లాక్‌బెర్రీ వద్దనుకున్న ఆఫీసులకు వేరే దారులు కూడా ఉండేవి. 2003లో హ్యాండ్‌స్ప్రింగ్ వారి ట్రియో 600 వచ్చింది. పామ్ పలకకు ఫోను, కీబోర్డు అతికించినట్టు ఉండేది. 2005లో మైక్రోసాఫ్టు ఒక తెలివైన పని చేసింది. చాలా ఆఫీసుల్లో అప్పటికే నడుస్తున్న తన ఎక్స్ఛేంజ్ మెయిలు సర్వరులోనే, ఉత్తరం రాగానే ఫోనుకు పంపే సౌకర్యం పెట్టింది. దీంతో వేరే సర్వరు అక్కర్లేదు, మధ్యలో కెనడా కేంద్రం అక్కర్లేదు. ఆ పద్ధతిని నోకియాకూ, పామ్‌కూ, తరవాత ఆపిల్‌కూ లైసెన్సుకు ఇచ్చింది. లెక్కలు చూసే ఐటీ విభాగాలకు ఇది నచ్చింది. నోకియా ఈ వరస ఫోన్లు అలా ఆఫీసుల్లోకి వచ్చాయి. అందులో 2008 నాటి ఈ71ను వాడినవాళ్ళు దాని సన్నటి ఉక్కు ఒంటిని, ఛార్జింగు నిలకడను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇక్కడిదాకా కథంతా పరికరాల మధ్య పోటీగానే కనిపిస్తుంది. కానీ ఆ తరవాత వరసగా వచ్చిన నాలుగు గండాల్లో ఏ ఒక్కదానికీ పరికరం మంచి చెడ్డలతో సంబంధం లేదు. అన్నీ వెనకున్న పెట్టెకు సంబంధించినవే.

మొదటిది కోర్టు గండం. ఎన్‌టీపీ అనే చిన్న అమెరికన్ కంపెనీ, గాలిలో మెయిలు పంపే పేటెంట్లు తమవని దావా వేసింది. అమెరికాలో బ్లాక్‌బెర్రీ సేవనే ఆపేయమని కోర్టు ఆదేశిస్తుందేమోనన్న భయం పుట్టింది. ఆఫీసులన్నీ ప్రత్యామ్నాయాలు వెతకడం మొదలుపెట్టాయి. చివరికి 2006 మార్చిలో 61.25 కోట్ల డాలర్లు కట్టి రీసెర్చ్ ఇన్ మోషన్ బయటపడింది. చేతిలో ఫోను బాగానే ఉన్నా, ఎక్కడో ఒక న్యాయమూర్తి సంతకంతో అది రాయిలా మారవచ్చని అందరికీ అప్పుడే తెలిసింది.

రెండోది మన ప్రభుత్వంతో వచ్చింది. గుప్తలిపిలో పోయే ఈ ఉత్తరాలను భద్రతా సంస్థలు చదవలేకపోతున్నాయన్న అభ్యంతరం 2008లోనే మొదలైంది. ఆ ఏడాది నవంబరులో ముంబై దాడుల తరవాత అది గట్టిపడింది. 2010 ఆగస్టు 31 లోపు దారి చూపకపోతే సేవలు ఆపేస్తామని కేంద్రం గడువు పెట్టింది. అప్పటికి దేశంలో బ్లాక్‌బెర్రీ వాడేవాళ్ళు సుమారు 10 లక్షలు. కంపెనీ సమాధానం ఒక్కటే: ఆఫీసు సర్వరు తాళంచెవులు ఆయా ఆఫీసుల దగ్గరే ఉన్నాయి, మా దగ్గర నకలు లేదు. గడువు పొడిగించారు, చర్చలు సాగాయి, కంపెనీ ముంబైలో సర్వరు పెట్టింది. 2013 నాటికి మెసెంజరు, మామూలు వినియోగదారుల మెయిలు విషయంలో సర్దుబాటు కుదిరింది. ఆఫీసు సర్వరు ఉత్తరాలు మాత్రం ఆ సర్దుబాటుకు బయటే ఉండిపోయాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే ఉత్తరం వాళ్ళదే అన్న సంగతి ఇంత స్పష్టంగా చెప్పిన ఘట్టం మరొకటి లేదు.

మూడోది 2011 అక్టోబరు 10న మొదలైంది. ఇంగ్లండులోని కేంద్రంలో ఒక ముఖ్యమైన స్విచ్చి చెడిపోయింది, దానికి బదులు పనిచేయాల్సింది పనిచేయలేదు. యూరపు, గల్ఫు, ఆఫ్రికా, ఇండియాలతో మొదలై అమెరికా దాకా పాకింది. మూడు రోజులకు పైగా ఉత్తరాలు ఆగిపోయాయి. అందరి పోస్టుమేనూ ఒకే సందులోంచి రావాల్సి వస్తే, ఆ సందు మూసుకుపోయిన రోజు ఊరంతటికీ ఉత్తరాలు ఉండవు. లజారిడిస్ స్వయంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

నాలుగో గండం మెల్లగా వచ్చింది. ఐఫోను 2007లో అమెరికాలో, 2008 ఆగస్టులో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2008 జులైలోనే అది ఎక్స్ఛేంజ్ మెయిలు అందుకోవడం నేర్చుకుంది. తరవాత ఆండ్రాయిడ్ వచ్చింది. ఆఫీసు ఇచ్చే ఫోను ఎవరికీ అక్కర్లేకపోయింది, సొంత ఫోనులోనే ఆఫీసు మెయిలు పెట్టుకోనివ్వండి అని అందరూ అడిగారు. ఆఫీసులకూ ఖర్చు తప్పింది, సరే అన్నాయి. కానీ ఒక షరతు పెట్టాయి: అవసరమైతే దూరం నుంచే ఫోనును పూర్తిగా చెరిపేసే అధికారం మాకు ఉండాలి. ఆ గడి మీద టిక్కు పెట్టేటప్పుడు చదివినవాళ్ళు తక్కువ. ఉద్యోగం మానేసిన రోజున ఆఫీసు మెయిలుతో పాటు పిల్లల ఫొటోలు, అమ్మమ్మ గొంతు రికార్డు చేసుకున్న ఫైళ్ళు కూడా తుడిచిపెట్టుకుపోయిన ఇళ్ళు ఉన్నాయి. ఆఫీసు భాగం వేరుగా, ఇంటి భాగం వేరుగా ఉంచే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2015 ప్రాంతంలో గానీ రాలేదు.

ఇక మన లిపి సంగతి. కంప్యూటరు అక్షరాల ప్రపంచ పట్టిక యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ పట్టికలో చోటు వేరు, చేతిలోని తెర మీద అక్షరం విరగకుండా కనిపించడం వేరు. 2000 తరవాతి ఆ తొలి ఏళ్ళలో ఆఫీసు ఫోన్లకు తెలుగు మెయిలు వస్తే చాలావాటిలో ఖాళీ డబ్బాలే కనిపించేవి. చవక నోకియా ఫోన్లలో మెనూలూ సందేశాలూ భారతీయ భాషల్లో వచ్చేశాయి గానీ, దానికి ఎన్నో రెట్లు ధర పెట్టిన మేనేజరు ఫోను మాత్రం ఇంగ్లీషే మాట్లాడేది. ఆఫీసుకు తెలుగు అవసరం లేదు కాబట్టి, ఎంపిక పట్టికలో ఆ గడే లేదు.

సందేశాల్లో ఇంకో తిరకాసు ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 సంకేతాలే పడతాయి. మన ఒత్తులు, గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు సంకేతాలు. మరి ఎవరు రాస్తారు తెలుగులో? అందరం టెలిగ్రాం రోజులకే తిరిగి వెళ్ళాం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకున్నాం. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో 1990ల నుంచి వాడుకలో ఉన్న ఆర్‌టీఎస్ పద్ధతి అందుకు ఒక క్రమం ఇచ్చింది గానీ, ఫోనులో రాసుకున్నవాళ్ళు ఎవరి తోచిన తీరు వారిదే. పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళకు దీని దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. బడిలో తెలుగు చదవని పిల్లలకు, ఇంటి ఉత్తరాల్లో కూడా తెలుగు అక్షరం కంటపడని కాలం అది.

2012 తరవాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సరిగ్గా కనిపించడం, తెలుగు కీబోర్డులు దొరకడం మామూలైంది. ఆఫీసు ఫోను పోయి సొంత ఫోను వచ్చాకే మనకు లిపి తిరిగి వచ్చిందని చెప్పాలి. వచ్చాక కూడా గొడవలు తీరలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా ఆ వార్త చూసి నవ్వింది. జ్ఞానమనే మాటకు తల్లి అక్షరం అది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. మన అక్షరాలను ఎవరూ సరిగ్గా పరీక్షించకుండానే అమ్మకానికి పెట్టారని దానితో లోకానికి తెలిసింది.

ఇక ఆ పరికరాల గతి చూడండి. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా కర్మాగారం వేలమందికి పని ఇచ్చింది. 2014 ఏప్రిల్లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్టుకు వెళ్ళింది. పన్ను వివాదంలో చిక్కుకున్న ఆ కర్మాగారం అమ్మకంలో చేరలేదు, అదే ఏడాది నవంబరులో మూతపడింది. రీసెర్చ్ ఇన్ మోషన్ 2013లో పేరే బ్లాక్‌బెర్రీగా మార్చుకుంది, 2016లో సొంతంగా ఫోన్లు చేయడం మానేసింది. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోన్ల సేవలు ఆపేసింది. పామ్ పేరు ఇవాళ్టి పిల్లలకు తెలియదు. వీటిలో ఏదో ఒకటి మిగతావాటికంటే గొప్పదని ఆఫీసుల్లో వాదించుకున్నవాళ్ళందరి వాదనలూ వాటితోనే పోయాయి. ఉత్తరాలను సొంత సర్వరులో, సొంత తాళంచెవితో దాచుకున్న ఆఫీసులకు మాత్రం ఫోను మారినా ఒక్క ఉత్తరం పోలేదు.

ఇప్పుడు మన సంఘాల దగ్గరికి వద్దాం. కర్ణాటకలో 1960 నాటి సంఘాల నమోదు చట్టం కింద, తమిళనాడులో 1975 నాటి చట్టం కింద మనం నమోదై ఉన్నాం. ఏటా లెక్కలు పంపాలి, కార్యవర్గం జాబితా పంపాలి. దానికి తోడు భాషా అల్పసంఖ్యాకుల హక్కుల ఉత్తరాలు ఉంటాయి. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరవాత, తెలుగు పిల్లల పరీక్షల విషయంలో ఎన్ని అర్జీలు, ఎన్ని కోర్టు కాగితాలు నడిచాయో అక్కడి సభ్యులకు తెలుసు. ఫలానా తేదీన ఫలానా అధికారికి రాశాం, ఆయన ఫలానా జవాబు ఇచ్చాడు అని చూపించగలిగితేనే మన మాటకు విలువ. ఒకప్పుడు ఈ కాగితాలన్నీ సంఘం బీరువాలో ఉండేవి. కార్యదర్శి మారితే బీరువా తాళంచెవి చేతులు మారేది.

ఇవాళ ఆ బీరువా ఎక్కడుంది? చాలా సంఘాల్లో అది కార్యదర్శి సొంత మెయిలు ఖాతాలో, ఆయన సొంత ఫోనులో ఉంది. ఆయన ఎంత మంచివాడైనా సరే, ఫోను పోవచ్చు, ఊరు మారవచ్చు, కాలం చేయవచ్చు. రేపు ఆయన ఇంటివాళ్ళకు ఆ ఫోను తెరిచే సంకేతం తెలియకపోతే సంఘం చరిత్ర అక్కడే ఆగిపోతుంది. పెద్ద కంపెనీలు లక్షలు పోసి నేర్చుకున్న పాఠం ఇది. మనకు ఆ లక్షలు అక్కర్లేదు. సంఘం పేరు మీద ఒక మెయిలు ఖాతా ఉంటే చాలు. దాని సంకేతపదం అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురికీ తెలియాలి. ఖాతా మరిచిపోయినప్పుడు తిరిగి తెరిపించుకునే ఫోను నంబరు సంఘానిదే అయి ఉండాలి, ఒకరి సొంతది కాకూడదు. కార్యవర్గం మారిన రోజున తాళాలతో పాటు ఇది కూడా మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. ఏడాదికోసారి ముఖ్యమైన ఉత్తరాలు అచ్చు తీసి ఫైలులో పెట్టుకోవాలి. ఇన్నీ కుదిరాక ఏ ఫోను కొన్నా ఫరవాలేదు, తెలుగు అక్షరం విరగకుండా కనిపిస్తుందో లేదో మాత్రం దుకాణంలోనే ఒక 'జ్ఞానం', ఒక 'స్త్రీ' కొట్టి చూసుకోండి.

మన పెద్దవాళ్ళు అద్దె ఇళ్ళల్లో సంఘాలు మొదలుపెట్టి, ఇటుక ఇటుకా పేర్చి సొంత భవనాలు కట్టారు. సంఘం ఒకరి ఇంట్లో ఉండకూడదు, దానికి తన గుమ్మం ఉండాలి అన్నది వాళ్ళ పట్టుదల. ఉత్తరాల పెట్టెకు కూడా అదే వర్తిస్తుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టమని అన్ని శాఖలనూ కోరుతున్నాం.